చాక్లెట్ మీట్

మే నెల రెండో వారంలో నళిని తన కూతురు దేదీప్యని డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్లకి రక్తం తక్కువని తెలిసి అప్పటికి ఎనిమిది నెలలైంది.

దేదీప్యకి పదిహేనేళ్ళు. అమెరికాలో, చాండ్లర్ అనే ఊళ్ళోనే పుట్టి పెరిగింది. హైస్కూల్‌కి రాగానే క్రాస్ కంట్రీ టీమ్‌లో చేరి, ఎండ ముదరకముందే మైళ్ళకు మైళ్ళు పరుగెత్తేది. పోయిన సెప్టెంబర్‌లో ఒకరోజు ప్రాక్టీస్ మధ్యలో, కాలవ పక్కన బాట మీద కూలబడిపోయింది. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింట్ ఒకటి వచ్చింది. పన్నెండు ఉండాలి. ఒంట్లో ఐరన్ నిల్వలు దాదాపు ఖాళీ అయిపోయాయన్నారు. పిల్లల డాక్టర్ ముఖ్యంగా రెండు ప్రశ్నలు అడిగింది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా అన్నది మొదటిది. లేదని చెప్పారు. ఏం తింటుంది అన్నది రెండోది. మేం వెజిటేరియన్స్, గుడ్డు కూడా ముట్టం అంది నళిని. డాక్టర్ తల పంకించి, అదే కారణమై ఉంటుందని రాసుకుంది.

ఆ మాట నళినికి గుచ్చుకుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తూ, మీటింగుకీ మీటింగుకీ మధ్య వంట చేసే మనిషి ఆమె. బయట తిండి మీద ఆధారపడకుండా ఇల్లు నడుపుతున్నానని ఆమెకి లోలోపల కొంత గర్వం. మామగారు షుగర్‌తో పోయినప్పటి నుంచీ, అంటే ఐదేళ్ళుగా, ఇంట్లో తెల్లన్నం బాగా తగ్గించేసింది. పొద్దున గోధుమరవ్వ ఉప్మా, పిల్ల లంచ్ బాక్స్‌లో చపాతీ రోల్, రాత్రికి పుల్కాలు. డాక్టర్ మాట విన్నాక వీటికి తోడు బీట్‌రూట్ జ్యూస్, రాగిజావ, ఖర్జూరాలు, ఫ్రోజెన్ మునగాకుతో పప్పు మొదలుపెట్టింది. ఐరన్ టాబ్లెట్ కమలారసంతో దగ్గరుండి మింగించేది. జనవరిలో పరీక్ష చేస్తే ఎనిమిది పాయింట్ మూడు. ఏప్రిల్‌లో మళ్ళీ ఎనిమిది పాయింట్ రెండు. పిల్ల ముఖం పాలిపోయింది. దువ్వెన నిండా జుట్టు వస్తోంది. ఏడాదిగా ఎత్తు పెరగలేదు. తిండిలో ఏదో లోపం ఉందంటూ డాక్టర్ డైటీషియన్‌కి రాసింది. రెండు వారాలపాటు ఏం తిన్నా ఫోన్‌లో రాసుకుని పంపమన్నారు.

డైటీషియన్ పేరు ఒర్తెగా. నలభై దాటిన మెక్సికన్ అమెరికన్, నెమ్మదిగా మాట్లాడే మనిషి. దేదీప్య రాసి పంపినదంతా ఆమె స్క్రీన్ మీద ఉంది. ఒక్కో రోజూ పైకి చదువుతూ, మధ్యమధ్యలో ఎంత తిన్నదీ అడుగుతూ వచ్చింది. ఉప్మా, చపాతీ, పప్పు, పెరుగు. నళిని అన్నిటికీ తల ఊపింది.

ఒర్తెగా అదే గొంతుతో, మంగళవారం సాయంత్రం చాక్లెట్ మీట్ ఒక కప్పు, రైస్ కేక్స్ మూడు అని చదివింది. గురువారం సాయంత్రం మళ్ళీ చాక్లెట్ మీట్, కప్పున్నర.

అదేదో చాక్లెట్ పేరేమో అనుకుంది నళిని మొదట. రెండో మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. కూతురి వైపు తిరిగింది. దేదీప్య తన షూస్ వైపు చూస్తోంది. డైటీషియన్ తనతో ఒంటరిగా మాట్లాడుతుందనీ, రాసింది అమ్మ దాకా రాదనీ అనుకుని ఆ పిల్ల ఉన్నదున్నట్టు రాసేసింది.

మా ఇంట్లో మాంసంలో చాక్లెట్ వేసి మోలే చేస్తాం, అలాంటిదేనా అని అడిగింది ఒర్తెగా. కాదు, మా ఫ్రెండ్ మైకా వాళ్ళ లోలా చేస్తుంది, ఫిలిపీనో కూర అంది దేదీప్య చిన్న గొంతుతో. లోలా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. నళినికి సాయంత్రం మీటింగులుండే మంగళ, గురువారాల్లో స్కూల్ అయ్యాక దేదీప్య మైకా వాళ్ళింట్లోనే హోంవర్క్ చేసుకునేది. ఆ ఇల్లు రెండు వీధుల అవతలే.

ఒర్తెగా కీబోర్డ్ మీద ఏదో కొట్టింది. స్క్రీన్ చదువుతూ చదువుతూ ఆగి, ఒకసారి తల్లి వైపు, ఒకసారి పిల్ల వైపు చూసింది. చెప్పక తప్పదన్నట్టు చెప్పింది.

"దీని అసలు పేరు దినుగువాన్. ఇందులో చాక్లెట్ ఉండదు. పంది మాంసం, వెనిగర్, వెల్లుల్లి, మిరపకాయలు. గ్రేవీ పంది రక్తంతో చేస్తారు. రక్తం ఉడికితే ఆ రంగు వస్తుంది. పిల్లలకి చాక్లెట్ అని చెప్తారట."

"బ్లడ్?" అంది దేదీప్య.

లేచి గది మూలనున్న సింక్ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో దాని అంచు పట్టుకుని వంగింది. వాంతి రాలేదు.  మాంసమని ఆ పిల్లకి తెలుసు. రక్తమని తెలియదు.

నళిని లేవలేదు. లేవాలని తోచలేదు. ఎదురుగా స్క్రీన్ మీద ముదురు గోధుమరంగు కూర ఫొటో, దాని పక్కన ప్రోటీన్ ఇంత, ఉప్పు ఇంత, ఐరన్ ఇంత అని అంకెలు. ఒర్తెగా ఇంకా ఏదో చెబుతోంది. ఇలాంటి ఐరన్ ఆకుకూరల్లో దానికంటే ఒంటికి తేలిగ్గా పడుతుందట. ఒక్క కప్పులో రోజుకి కావలసినదాంట్లో సగానికి పైనే ఉంటుందట. ఎన్నాళ్ళుగా తింటున్నావని దేదీప్యని అడిగింది. అక్టోబర్ నుంచి అని సింక్ దగ్గర నుంచే జవాబొచ్చింది. ఒర్తెగా పెన్ను పక్కన పెట్టి, అలా అయితే ఒక విషయం ఆలోచించాలి అంటూ మొదలుపెట్టింది. నళిని చెవుల్లో హోరు. ఆ మాటలేవీ లోపలికి పోలేదు. కూతురి బ్యాక్‌ప్యాక్ తన భుజానికి తగిలించుకుని, థాంక్యూ అని చెప్పి బయటికి నడిచింది.

కారు పార్కింగ్ లాట్‌లో ఎండకి కాలిపోతోంది. ఏసీ వేసి కూడా చాలాసేపు కదల్లేదు.

"బ్లడ్ అని నాకు తెలీదు అమ్మా. ప్రామిస్. మీట్ అని తెలుసు," అంది దేదీప్య.

ఎందుకు తిన్నావని అడిగింది నళిని. ఆకలేసింది అంది పిల్ల. మొదటిరోజు లోలా పెడితే వద్దనలేకపోయిందట. తర్వాత అది బాగుందనిపించింది. ఆ తర్వాత కావాలనిపించింది.

"అక్కడ తింటే నాకు స్టమక్ పెయిన్ రాదు. ఇంట్లో తింటే వస్తుంది. ఎప్పుడూ వస్తుంది."

చెంప మీద కొట్టినట్టయింది నళినికి. ఎనిమిది నెలలుగా నిలబడి వండింది తను, నొప్పి తెచ్చేదీ తన వంటేనా. సీట్ బెల్ట్ పెట్టుకో అని మాత్రం అంది. 

దేదీప్య తండ్రి చక్రపాణి చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీర్. సాయంత్రం ఇంటికొచ్చాక నళిని చెప్పింది విని సోఫా అంచున కూర్చుండిపోయాడు. పోర్కా అని ఒకసారి, రక్తమా అని ఒకసారి అడిగాడు. కూతురి గది తలుపు దాకా వెళ్ళాడు. తట్టలేదు. తిరిగొచ్చి, తనకి భోజనం వద్దన్నాడు.

ఆ రోజే నళిని ఒక పని చేసింది. దేదీప్య అన్నప్రాశనకి వాళ్ళమ్మమ్మ పేరు చెక్కించి పంపిన స్టీలు కంచం ఒకటుంది. పిల్ల రోజూ తినేది అందులోనే. నళిని దాన్నీ, పిల్ల తాగే గ్లాసునీ మిగతా గిన్నెల్లోంచి వేరుచేసి, లాండ్రీ గదిలో షెల్ఫ్ మీద పెట్టింది. పెట్టేటప్పుడు ఏ ఆలోచనా లేదు. చేతులు వాటంతటవే ఆ పని చేశాయి. మర్నాడు పొద్దున దేదీప్య కంచం కోసం వెతికి, అది ఎక్కడుందో చూసింది. పుట్టినరోజులకి తెచ్చిన పేపర్ ప్లేట్ల కట్ట విప్పి, ఒకటి తీసుకుని ఉప్మా పెట్టుకుంది. ఆ వారమంతా పేపర్ ప్లేట్‌లోనే తింది. నళిని చూస్తూనే ఉంది. వద్దని అనలేకపోయింది. కంచం తెచ్చి ఇవ్వనూ లేకపోయింది.

ఇంతకీ డైటీషియన్ ఏమంది అని చక్రపాణి గురువారంనాడు అడిగాడు. గుర్తులేదంది నళిని. క్లినిక్ నుంచి మెసేజ్ వచ్చినట్టు ఫోన్‌లో చూపిస్తోంది. తెరిస్తే మళ్ళీ ఆ కూర పేరు కనిపిస్తుందని తెరవలేదు.

శనివారం పొద్దున మైకా వాళ్ళింటికి నడిచి వెళ్ళింది. ఏం అనాలో దారి పొడుగునా ఇంగ్లీషులో కూడబలుక్కుంది. మా అమ్మాయికి ఇక మీరేమీ పెట్టొద్దు. మా ఇంట్లో తరతరాలుగా ఎవరూ ముట్టనిది మీరు చాక్లెట్ అని చెప్పి తినిపించారు. ఇంతవరకూ చెప్పి, అక్కడ కూర్చోకుండా వచ్చేయాలనుకుంది.

తలుపు తీసింది లోలాయే. పేరు లిగాయా. డెబ్భై నాలుగేళ్ళు, నళిని భుజం దాకా వచ్చే మనిషి. మైకా తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్ళారు, మైకా ఇంకా నిద్ర లేవలేదు. నళిని కూడబలుక్కున్నదంతా గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది. చెబుతుంటే ముసలావిడ ముఖంలో రంగు మారడం కనిపించింది. పక్కనున్న కుర్చీ కోసం చేత్తో తడుముకుని అందులో కూలబడింది.

"మీరు మాంసం తినరా?" అంది. "అన్నీ తింటానని చెప్పింది నాకు. ఏం పెట్టినా తినేది. మేరీ మాత సాక్షిగా నాకు తెలియదమ్మా."

తమలోనూ రక్తం ముట్టని చర్చివాళ్ళు ఉన్నారనీ, వాళ్ళ పిల్లకి తెలియకుండా పెట్టి ఉంటే ఆ తల్లి కూడా ఇలాగే తన గుమ్మంలోకి వచ్చేదనీ అంది. నీ స్థానంలో ఉంటే నేను ఇంత నెమ్మదిగా మాట్లాడేదాన్ని కాదు అంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.  పోట్లాటకి వచ్చిన నళినికి ఇప్పుడేం చేయాలో తోచలేదు. అనుకోకుండానే ఎదురుగా కూర్చుంది.

లోలా ముప్పై ఒక్కేళ్ళు పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైంది. అక్టోబర్‌లో దేదీప్య మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఆ పిల్ల కింది రెప్ప లాగి చూసిందట. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట కాగితంలా ఉందట. కాన్పులో రక్తం పోయిన ఆడవాళ్ళకి తమ ఊళ్ళో దినుగువానే పెట్టేవాళ్ళు. అందుకే వారానికి రెండుసార్లు వండింది. ఫిలిపీనో కొట్టువాడికి చెప్పి తాజా రక్తం పక్కన పెట్టించేది. తినడానికి బియ్యప్పిండితో పుతో చేసేది. పుతో అంటే ఆవిరి మీద ఉడికే చిన్న చిన్న తెల్ల రొట్టెలు.

ఇదంతా చెప్పి లోలా కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"నువ్వు రాకపోతే ఈ నెలలో నేనే వచ్చేదాన్ని. నీకు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఏడు నెలలు పెట్టాను. నువ్వేమో టాబ్లెట్లు వేస్తున్నావట. ఇంత ఇనుము లోపలికి వెళ్ళిన పిల్ల ఈపాటికి యాపిల్ పండులా ఉండాలి. రెప్ప ఇవాళ్టికీ తెల్లగానే ఉంది. తప్పు తిండిలో లేదమ్మా. తిన్నది ఒంటికి పట్టడం లేదు."

 డైటీషియన్ పెన్ను పక్కన పెట్టి మొదలుపెట్టిన మాట ఇదేనని నళినికి అప్పుడు తట్టింది.

కడుపునొప్పి ఉందా అని అడిగింది లోలా. ఉందట, మీ ఇంట్లో తింటే మాత్రం రాదట అంది నళిని.  మరి మీ ఇంట్లో ఏం తింటుందని అడిగింది లోలా. చపాతీ, గోధుమరవ్వ. రోజూనా? రోజూ, మూడు పూటలా. 

"నా దగ్గర తినేది బియ్యం," అంది లోలా. "నేను డాక్టర్ని కాను. కానీ ఇలాంటి పిల్లల్ని వార్డులో చూశాను. గోధుమ పడని జబ్బు ఒకటుంది, సీలియాక్ అంటారు. పేగు లోపలి పొర పాడైపోతుంది. ముందు ఒక రక్తపరీక్ష చేస్తారు. సోమవారం పొద్దున్నే అడుగు. ఒక్కటి గుర్తుపెట్టుకో. పరీక్షలన్నీ అయ్యేదాకా చపాతీ మాన్పించకు. మాన్పిస్తే జబ్బు దొరక్కుండా దాక్కుంటుంది."

నళిని బయటికొచ్చి, వాళ్ళ గరాజ్ ముందు నీడలో నిలబడి ఫోన్ తీసింది. క్లినిక్ మెసేజ్ మంగళవారం మధ్యాహ్నం పంపినది. ఈ స్థాయిలో ఐరన్ తీసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగకపోవడం ఆందోళన కలిగిస్తోందనీ, లోపం ఆహారంలో కాక ఒంటికి పట్టడంలో ఉండొచ్చనీ, సీలియాక్ పరీక్ష రాయమని పిల్లల డాక్టర్‌ని కోరుతున్నాననీ ఒర్తెగా రాసింది. నాలుగు రోజులు ఆ మెసేజ్ తన చేతిలోనే ఉంది. తెరవలేదు. 

రక్తపరీక్ష ఫలితం వారంలో వచ్చింది. సీలియాక్‌ని పట్టిచ్చే యాంటీబాడీలు ఉండాల్సినదానికి పది రెట్లు ఎక్కువ. పిల్లల డాక్టర్ స్వయంగా ఫోన్ చేసింది. వెజిటేరియన్ అనగానే నేను అక్కడే ఆగిపోయాను, ఇంకా వెతకాల్సింది అని ఒప్పుకుంది. ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూస్తేగానీ ఖాయం కాదు. అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికింది. లోలా చెప్పినట్టే, అప్పటిదాకా రోజూ గోధుమ తినాల్సిందేనన్నారు.

ఆ మూడు వారాలు నళిని ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి. ఐదేళ్ళుగా ఏ ఆలోచనా లేకుండా చేసిన పని ఇప్పుడు చేయి కదలక చేసింది. పిండి కలుపుతుంటే వేళ్ళకి అంటుకున్న ముద్ద వైపు చూస్తూ ఆగిపోయేది. పుల్కా పొంగితే ఒకప్పుడు సంతోషంగా ఉండేది. ఇప్పుడు పొంగిన పుల్కా వైపు చూడకుండానే తీసి కంచంలో వేసేది. పిల్లకి తెలుసు, తల్లికి తెలుసు. తల్లి పెడుతుంది, పిల్ల తింటుంది. చక్రపాణి ఆ సమయంలో డైనింగ్ టేబుల్ దగ్గర ఉండలేక పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

మొదటిరోజే నళిని లాండ్రీ గదిలోంచి కంచం తెచ్చి, కడిగి తుడిచి కూతురి ముందు పెట్టింది. దేదీప్య దాని అంచు మీద తన పేరు వేలితో తడిమింది.

"దీన్ని తీసి పక్కన పెట్టడం నా తప్పు. ఏ తల్లీ చేయకూడని పని చేశాను," అంది నళిని.

"నేను లై చెప్పాను కదా అమ్మా."

"చెప్పావు. దానికి కోప్పడాల్సింది. నిన్ను వేరు పెట్టకూడదు."

పిల్ల తల ఊపింది. పుల్కా తుంచి నోట్లో పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నమిలింది. నొప్పికో, మరి దేనికో నళిని అడగలేదు. ఇంకా ఎన్ని డేస్ అని పిల్ల అడిగితే ఇరవై అని చెప్పింది.

జూన్‌లో ఎండోస్కోపీ అయింది. మత్తు దిగి దేదీప్య ఇంకా కళ్ళు సరిగ్గా తెరవకముందే అది చేసిన డాక్టర్ తల్లిదండ్రుల్ని పక్కకి పిలిచి, టాబ్లెట్ స్క్రీన్ మీద రెండు ఫొటోలు చూపించాడు. ఒకటి ఆరోగ్యంగా ఉన్న పేగు. లోపల మఖమల్ గుడ్డలా సన్నటి నూగు ఉంది. తిన్నదాంట్లోని సారం లాక్కునేది ఆ నూగేనని చెప్పాడు. రెండోది దేదీప్యది. నూగు లేదు. అరిగిపోయి నున్నగా, అక్కడక్కడా పగుళ్ళతో ఉంది. ఇనుము ఎక్కువగా లోపలికి చేరేది పేగులో ఈ మొదటి భాగంలోనే కాబట్టి, ఎంత తిన్నా లాక్కోవడానికి అక్కడ ఏమీ మిగల్లేదన్నాడు.

నళిని ఆ ఫొటో మీంచి కళ్ళు తిప్పలేకపోయింది. పంది రక్తం అని విన్నరోజు కలిగిన దిగ్భ్రమ దీని ముందు ఏపాటిది అనిపించింది. ఆ రోజు కూతురు ఏం తిందో విని కుప్పకూలింది. ఇవాళ తను ఏం పెట్టిందో చూస్తోంది. మీ తప్పేం లేదు, ఇది పుట్టుకతో ఒంట్లో ఉన్న గుణం, ఎవరికి ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం అన్నాడు డాక్టర్. నళిని విన్నది. నమ్మడానికి ప్రయత్నించింది. చక్రపాణి ఆమె మోచేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రమే అతను ప్యాంట్రీ ఖాళీ చేశాడు. ఇరవై పౌన్ల గోధుమపిండి బస్తా, రవ్వ, సేమ్యా, బ్రెడ్. ఒక్కో డబ్బా వెనక రాసింది చదువుతూ పోయి, ఇంగువ డబ్బా దగ్గర ఆగిపోయాడు. నళినీ, ఇది చూడు అన్నాడు. ఇంగువలో గోధుమపిండి కలుపుతారని దాని మీద సన్న అక్షరాలతో ఉంది. రోజూ పప్పులో, చారులో, మునగాకు కూరలో తిరగమోతకి వేసిన ఇంగువ. అన్నం తిన్నరోజున కూడా పిల్లకి నొప్పి ఎందుకొచ్చేదో అప్పుడర్థమైంది. నళిని ఆ డబ్బా చేతిలోకి తీసుకుని, చదివి, మళ్ళీ చదివి, తనే చెత్తబుట్టలో వేసింది. ఇల్లంతా మళ్ళీ అన్నానికి, ఇడ్లీకి, జొన్నరొట్టెకి మారింది.

తీసిన పేగు ముక్క రిపోర్ట్ కూడా వచ్చి సీలియాకేనని ఖాయం చేసింది. మూడు వారాలకి నొప్పి తగ్గింది. ఆగస్ట్‌లో హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ ఎనిమిది. అక్టోబర్‌లో పదకొండు పాయింట్ నాలుగు. దేదీప్య ఎత్తు అంగుళం పెరిగింది. మెల్లగా మళ్ళీ పరుగు మొదలుపెట్టింది. నళిని లోలాకి ఫోన్ చేసి రిపోర్ట్‌లో ఉన్న అంకెలన్నీ చదివి వినిపించింది. నర్సుతో మాట్లాడుతున్నట్టే మాట్లాడింది. లోలా అంకెల్ని మళ్ళీ చెప్పించుకుని, కాగితం మీద రాసుకుంది.

అంతా సర్దుకుందనుకునే సమయానికి, అక్టోబర్ చివర్లో దేదీప్య వంటింట్లోకి వచ్చి, అమ్మా నీతో టాక్ చేయాలి అంది. గురువారం మైకా వాళ్ళింటికి వెళ్తానంది. ఆ రక్తం కూర ఇక జన్మలో తినలేను, తలుచుకుంటేనే అదోలా ఉంటుంది అంది. కానీ చికెన్ తినాలని ఉంది. దాచి తినను, అడిగే తింటాను.

నళిని స్టవ్ ఆపింది. జబ్బు గోధుమతో వచ్చింది, మాంసం లేకపోవడం వల్ల కాదు. అన్నం, పప్పు తిన్నా రక్తం పడుతోందని రిపోర్టులే చెబుతున్నాయి. కాబట్టి వద్దనడానికి ఆమె దగ్గర కారణం ఉంది. అదే చెప్పింది కూడా. నీకిప్పుడు ఒంటికి అవసరం లేదు కదా అంది.

"అవసరం అని కాదు అమ్మా. ఇష్టం."

చక్రపాణి హాల్లోంచి వింటున్నాడని నళినికి తెలుసు. అతను లోపలికి రాలేదు. ఈ మాట మే నెలలో విని ఉంటే తను ఏం చేసేదో నళినికి బాగా తెలుసు. ఆ కోపం కోసం లోపల వెతికింది. కోపం ఉంది, బాధా ఉంది. కానీ ఆ రెండింటికంటే ఎక్కువగా భయపెడుతున్నది మరొకటుంది. ఏడు నెలలు ఆ పిల్ల నొప్పిని కూడా దాచుకుంది. తిండి గురించి దాచాల్సి వచ్చింది కాబట్టి నొప్పి గురించీ చెప్పలేకపోయింది.

"ఈ ఇంట్లో వండను. నా వల్ల కాదు," అంది నళిని. "అక్కడ తింటే తిను. కానీ తిన్నదేదైనా నాకు చెప్పు. నొప్పి వచ్చినా చెప్పు, రాకపోయినా చెప్పు."

గురువారం సాయంత్రం మీటింగ్ ముగిసేసరికి దేదీప్య ఇంటికొచ్చింది. గుమ్మంలో షూస్ విప్పుతూనే చెప్పడం మొదలుపెట్టింది. లోలా చికెన్ అడోబో చేసిందట. అందులో పోసే మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని, లేనిది వెతికి తెప్పించిందట. కొత్త గిన్నె, కొత్త గరిటె కొని, దేదీప్య కోసం విడిగా వండిందట. సీసా మీద రాసింది ఫొటో తీసి మీ అమ్మకి చూపించమందట. దేదీప్య ఫోన్ ముందుకి చాచింది.

నళిని ఫొటో పెద్దది చేసి, అక్షరం అక్షరం చదివింది. గోధుమ లేదు. ఫోన్ తిరిగి ఇచ్చింది.

"ఎంత తిన్నావు? కడుపు నిండిందా?"

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకి తెలియలేదు. అడిగేశాక తనే విస్తుపోయి అక్కడే నిలబడింది. రెండు ముక్కలు, చాలా అన్నం అంది దేదీప్య. కడుపు మీద చెయ్యి వేసుకుని, నొప్పి లేదని చెప్పి, స్నానానికి వెళ్ళింది.